యంత్రం తయారుచేస్తే పీహెచ్‌డీ అవుతుందా?

ప్రశ్న: మెకానికల్‌లో బీటెక్, ఆపై ఎండెస్ (డిజైన్‌లో పీజీ) చేశాను. పోచంపల్లి చేనేత పనిముట్ల మీద పీహెచ్‌డీ చేసి, డిజైన్ అధ్యాపకుడిగా స్థిరపడాలని ఉంది. ఇంటర్వ్యూలో మాత్రం ‘ఇది వస్తువు తయారీ, పరిశోధన ఎక్కడుంది?’ అన్నారు. ప్రతిపాదన ఎలా మార్చుకోవాలి?

జవాబు: వాళ్లడిగింది న్యాయమైన ప్రశ్నే. పనిముట్టు ఎందుకు పనిచేసిందో, ఇంకొకరు వేరే చోట వాడుకోగలిగేలా తేల్చి చెబితేనే పరిశోధన అవుతుంది. నేతకు ముందు దారాన్ని సిద్ధం చేసే ఆసు పోయడాన్నే తీసుకోండి. మేకుల చుట్టూ దారాన్ని వేలసార్లు తిప్పి భుజాలు పడిపోయే ఆ పనికి యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. అదే అంశంపై పీహెచ్‌డీ అయితే, చేయి చాచే దూరం మారినప్పుడు భుజంపై భారం ఎంత మారుతుంది, దారం వరసలో తప్పులు పెరుగుతాయా అని అడగాలి.

చాలామంది దెబ్బతినేది కొలతల దగ్గరే. పనిచేసే భంగిమ శరీరానికి ఎంత భారమో అంచనా వేసే రూలా (RULA) పద్ధతిలో 1 నుంచి 7 లోపు స్కోరు వేసి ఊరుకుంటారు. ఒకే కదలిక నిమిషానికి 4 సార్లు జరిగినా 40 సార్లు జరిగినా రూలా కలిపేది ఒక్క పాయింటే. ఆసులో బాధంతా ఆ తిప్పుడులోనే ఉంది. అందుకని ముందు నుంచి, పక్క నుంచి వీడియో తీసి కదలికలు విడిగా లెక్కపెట్టండి. పాత పద్ధతిని మీ కొత్త పరికరంతో పోల్చి చూసేటప్పుడు, ఆసు పోసేవాళ్లలో సగం మందికి పాత పద్ధతి ముందు, మిగతా సగానికి కొత్తది ముందు ఇవ్వండి. అందరికీ కొత్తదే చివర ఇస్తే అలసట ఎంతో, పరికరం ప్రభావం ఎంతో విడదీయలేరు. మనుషులపై చేసే అధ్యయనాలను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం పని మొదలుకాక ముందే ఉండాలి. మీకోసం ఆసు పోసేవాళ్లు పని ఆపిన గంటలకు కూలి కట్టివ్వాలి, బడ్జెట్‌లో ఆ పద్దు రాయండి. పేటెంట్ ఆలోచన ఉంటే పేపర్ కంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి, పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువుంటుంది.

డిజైన్ గైడ్‌తో పాటు ఎర్గొనామిక్స్ (పనిని మనిషి శరీరానికి తగ్గట్టు మలిచే శాస్త్రం) తెలిసిన కో-గైడ్‌ను మొదట్లోనే కాగితం మీద ఖాయం చేసుకోండి. నోటిమాట సాయం మూడో ఏడాదికి మిగలదు.

ప్రశ్న: పీహెచ్‌డీ చేస్తూనే బోధన అనుభవం ఎలా?

జవాబు: టీచింగ్ అసిస్టెంట్‌గా స్టూడియో కోర్సు (విద్యార్థులు ప్రాజెక్టు చేస్తూ నేర్చుకునే తరగతి) అడిగి తీసుకోండి. వేర్వేరు బ్రాంచీల పిల్లల్ని ఒక జట్టులో వేస్తే మెకానికల్ వాళ్లు క్యాడ్‌కు (కంప్యూటర్‌లో డ్రాయింగ్‌కు), డిజైన్ వాళ్లు పోస్టర్లకు పరిమితమైపోతారు. మొదటి రెండు వారాలు పనులు తారుమారు చేసి ఇవ్వండి. మీరు రాసిన అసైన్‌మెంట్, మార్కుల పట్టిక, విద్యార్థి అనుమతితో ఒక విఫలమైన ప్రాజెక్టు దాచుకోండి. అధ్యాపక ఇంటర్వ్యూలో చూపడానికి పనికొస్తాయి.