గుంటల కాడ జపం

చిరంజీవి అబ్బయ్యకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడుగుతుంటే వెనక గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల మోతకి నాకు సగమే వినబడింది. అందుకని రాసి పంపిస్తున్నా, తీరిగ్గా చదువుకో.

గంటసేపు జపం చేద్దామని కూర్చుంటే పది నిమిషాలకే మనసు ఎటో పోతోందన్నావు. ముందు ఆ గంట మాట మానెయ్. పదిహేను నిమిషాలు చాలు. కాకపోతే రోజూ అదే వేళకి, అదే చోట కూర్చో. మూడ్ వచ్చినప్పుడు చేద్దామనుకుంటే అది ఎప్పటికీ రాదు.

వేళ సంగతి. తెల్లవారుజామున మాత్రం పెట్టుకోకు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే, నీ కన్ను గుంట మీదే ఉండాలి. యజమాని సొమ్ము గాలికొదిలేసి చేసే జపం దేవుడికి అక్కర్లేదు. రాత్రి ఆఖరి మేత వేసి, చేతులు కడుక్కుని షెడ్డులో కూర్చో.

సిలువ గుర్తు వేసుకుని, ఒక్క నిమిషం ఊరకుండు. తర్వాత ఆ రోజు గుడి పూజలో చదివే సువిశేషం, అదే బైబిల్లో యేసు కథ భాగం, తీసి రెండుసార్లు మెల్లగా చదువు. ఏదో ఒక మాట దగ్గర నువ్వే ఆగుతావు. అక్కడే ఉండిపో, ముందుకు పోవద్దు. ఆ మాట నీ బతుకులో ఎక్కడ తగిలిందో ఆలోచించి, దాని గురించే ప్రభువుతో మాట్లాడు. 12వ శతాబ్దంలో గ్విగో అనే మఠవాసి దీన్నే నాలుగు మెట్లుగా రాశాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆయన ఎదుట మౌనంగా ఉండిపోవడం. ఆ నాలుగోది మన చేతిలో లేదు, ఆయన ఇస్తేనే వస్తుంది. రాలేదని దిగులుపడకు.

మాటలు రాని రోజున బైబిల్లో కీర్తనలు తియ్. అప్పులోళ్లు ఫోన్ చేసిన రోజు 88వది చదువు. అది మొదటినుంచి చివరిదాకా మొరే, చీకటి మాటతోనే అయిపోతుంది. దేవుడి దగ్గర మంచిమాటలే మాట్లాడాలని నీకెవరు చెప్పారో గానీ, బైబిల్ అయితే చెప్పలేదు. 134వది మూడే వచనాలు, రాత్రివేళ దేవుడి మందిరంలో నిలబడే సేవకుల కోసం. నీలాంటి రాత్రి డ్యూటీవాడికి అది నోటికి వచ్చి తీరాలి.

జపమాల కట్ట మీద తిరుగుతూ చెప్పుకోవచ్చు. మొత్తం కుదరకపోతే ఒక్క పది పూసల వరసే చాలు. నోరు మంగళవార్త జపం చెబుతుంటే మనసు దేవరహస్యాన్ని, అంటే యేసు, మరియమ్మల బతుకులోని ఒక ఘట్టాన్ని, చూడాలి. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖం, బుధ, ఆదివారాలు మహిమ. గురువారం వెలుగు రహస్యాలు, అవి 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చినవి. పరుగెత్తి యాభైమూడు మంగళవార్త జపాలూ అప్పజెప్పేదానికన్నా, ఆ వెలుగు రహస్యాల్లో ఒకటైన కానా పెళ్లి దగ్గర నిలబడి పది చెప్పడం మేలని నా అభిప్రాయం. మీ పెద్దమ్మ ఒప్పుకోదనుకో.

పొద్దున పడుకోబోయే ముందు రెండు నిమిషాలు వెనక్కి చూసుకో. లొయోలా ఇగ్నేషియస్‌గారు తన యేసు సభ గురువులకి గట్టిగా చెప్పిన పద్ధతి ఇది. ముందు కృతజ్ఞత చెప్పు. తర్వాత ఎక్కడ ప్రభువు చెయ్యి కనబడింది, ఎక్కడ తప్పు చేశావు అని చూసుకుని, క్షమించమని అడిగి పడుకో. పనివాణ్ణి కసిరిన సంగతి కూడా అందులోకి రావాలి.

మధ్యలో నిద్ర పట్టేస్తే? పట్టనీ. పునీత చిన్న తెరేజమ్మ మఠంలో ఉండి కూడా జపంలో కునికేదట. నిద్రపోతున్న బిడ్డలు కూడా తల్లిదండ్రులకు ముద్దే కదా అనుకునేదట.

ఇవన్నీ ఒకేసారి ఎత్తుకోకు. ఒక నెల సువిశేషం ఒక్కటే చెయ్, కుదిరాక జపమాల కలుపు. ఆదివారం పూజకి, ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మాత్రం ఇవి బదులు కావు. ఫోన్‌లో ప్రసంగాలు వినడం జపం లెక్కలోకి రాదు, అది కూడా గుర్తుపెట్టుకో.

మరియమ్మ మోక్షారోపణ పండక్కి గుంటల్లో పట్టుబడి లేకపోతే ముందురోజే వచ్చెయ్. ఫాదర్‌గారు సాయంత్రం పాపసంకీర్తనాలు వింటారు. తెగిపోయిన జపమాల పారెయ్యకుండా పట్టుకురా, తీగ నా దగ్గరుంది.

మీ పెదనాన్న