చీలిన సంఘంలో సగానికి నన్ను పాస్టర్‌గా ఉండమంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. ఈ ఏడాదే బీకామ్ అయిపోయింది. నాన్న ఆటో నడుపుతారు. మా వీధిలో రేకుల షెడ్డులో నడిచే చిన్న సంఘం మాది. 2024లో బుడమేరు వరద వచ్చినప్పుడు సరుకులు పంచే పని యూత్ తరఫున నేనే చూశాను. ఎవరికి ఎన్ని అందాయన్న గొడవ ముదిరి సంఘం రెండు ముక్కలైంది. పాస్టర్ అయ్యగారు ఊరు విడిచి వెళ్లిపోయారు. ఒక వర్గం పెద్దలు ‘నువ్వు వాక్యం చెప్పు, మిగతాది మేం చూసుకుంటాం’ అంటున్నారు. నాకు సేవ చేయాలని చిన్నప్పటి నుంచీ ఉంది. నాన్న బ్యాంక్ కోచింగ్‌లో చేరమంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు సార్?

జవాబు: బాబూ, నీ ఉత్తరంలో నువ్వు తేలిగ్గా దాటేసిన మాట ఒకటుంది. సరుకులు పంచే పని నువ్వే చూశానన్నావు. అంటే గొడవంతా ఏ లెక్క మీద నడుస్తోందో ఆ లెక్క నీ చేతి మీదుగానే పోయింది. నువ్వు తప్పు చేశావని అనడం లేదు. కానీ అది తేలకుండా ఒక వర్గం వేసిన కుర్చీలో కూర్చున్నావంటే, రెండో వర్గానికి నువ్వు పాస్టర్‌వి కావు, ఎదుటి పార్టీ మనిషివి. అందుకే ఆ పిలుపుకి ఇప్పుడు ఒప్పుకోవద్దు. సేవ మానుకోమని కాదు, ఆ సగం సంఘాన్ని నెత్తికెత్తుకోవద్దని.

‘మిగతాది మేం చూసుకుంటాం’ అన్న మాట కూడా ఇంకోసారి చదువుకో. ఆ మిగతాది అంటే కానుకల సంచి, షెడ్డు కాగితాలు, బయటి నుంచి వచ్చే సాయం. అవన్నీ వాళ్ల దగ్గర, ఆదివారం మైకు నీ దగ్గర. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇలాంటి పాస్టర్ ఉద్యోగం ఎందుకు ఇస్తారో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ వరద సెప్టెంబరు 1న, ఆదివారం పూట వచ్చింది. ఆరాధనకు బయల్దేరాల్సిన వాళ్లు మేడలెక్కారు. డ్రోన్లతో అన్నం ప్యాకెట్లు అందించారు. మెయిన్ రోడ్డు పక్కవాళ్లకి మూడుసార్లు అందితే, సందు చివరి వాళ్లకి ఒక్క ప్యాకెట్ కోసం పొద్దుగూకింది. తర్వాత ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకి 25,000, పై అంతస్తులకి 10,000 ప్రకటించింది. జాబితాలో పేరు పడిందా లేదా అన్న మాటే ఇంటింటా. అలాంటప్పుడు సంఘంలో పంచిన బియ్యం సంచి ఉత్త బియ్యం సంచిగా ఉండదు. ‘మేం వీళ్ల లెక్కలో మనుషులమేనా’ అన్న ప్రశ్న అయిపోతుంది. మీ సంఘం చీలింది అక్కడే అనుకుంటున్నాను.

ఇది కొత్త కథ కూడా కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడు. యెరూషలేములోని మొదటి సంఘంలో వచ్చిన గొడవ కూడా పంపకాల గొడవే. గ్రీకు భాష మాట్లాడేవాళ్ల విధవరాళ్లకి రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగుడు మొదలైంది. అప్పుడు ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లు చదువు, అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందన్నారో వాళ్ల వైపు మనుషుల చేతికే పంపకం ఇచ్చినట్టుంది. దీని మీద ప్రసంగాలు చాలా విన్నాను. మన బస్తీల్లో దాన్ని చేసి చూపించిన సంఘాలు మాత్రం తక్కువే కనిపించాయి.

కనిపించిన ఒక్కటి చెబుతాను. లాక్‌డౌన్ తర్వాత హైదరాబాద్‌లో ఒక బస్తీ సంఘంలో సరిగ్గా మీలాంటి గొడవే. స్త్రీల సమాజం పెద్దమ్మ ఒకావిడ పొడుగాటి లెడ్జరు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. పేరు, బియ్యం, నూనె, కందిపప్పు, పక్కన వేలిముద్ర. ఎవరైనా తిప్పి చూసుకోండి అంది. ఎవరో ఒక పేజీ దగ్గర ఆగారు. ఆవిడ చెల్లెలి కుటుంబానికి రెండుసార్లు పడింది. ఆవిడ చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ‘అవును, ఇది నేనే చేశాను, మా చెల్లెలు ఏడ్చింది, ఇచ్చేశాను’ అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి గొడవ ఆగిందని కాదు గానీ, దొంగలన్న మాట ఆగింది.

నువ్వు చేయాల్సిన మొదటి పని అలాంటిదే. నీకు గుర్తున్నంత వరకు, ఫోన్‌లో ఉన్న ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు ముందేసుకుని లెక్క రాయి. తెలియనిచోట తెలియదని రాయి. రెండు వర్గాల నుంచి చెరో ఇద్దరిని కూర్చోబెట్టి చూపించు. పెద్దలు వద్దంటే, ఎందుకు వద్దంటున్నారో అప్పుడే తెలిసిపోతుంది.

ఇక చదువు. నీది ఏ మిషన్ కిందా లేని స్వతంత్ర సంఘమైతే మూడు నెలల బైబిల్ ట్రైనింగ్ చేసి పాస్టర్‌గా అభిషేకం తీసుకోవచ్చని చెప్పేవాళ్లు బోలెడు మంది దొరుకుతారు. నేనైతే అలా పంపను. హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారింది. అక్కడ చేసే బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ డిగ్రీని, ఇలాంటి కాలేజీలకి డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్ ఇస్తుంది. డిగ్రీ అయినవాళ్లకి నాలుగేళ్లు. సాధారణంగా సంఘం సిఫారసు లేఖ అడుగుతారు. చీలిన సంఘం నుంచి అది తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించు. అదీ ఒక కారణం, తొందరపడొద్దనడానికి. ఇంటి దగ్గరే ఉండి చదువుకోవాలంటే అదే సెనేట్ బీసీఎస్ (బ్యాచిలర్ ఆఫ్ క్రిస్టియన్ స్టడీస్) అనే కోర్సు కూడా నడుపుతోంది.

నిజం చెప్పాలంటే నీ విషయంలో నాకు ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఎక్కువ నచ్చుతోంది. రెండేళ్లు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీలో ఉంది. బస్తీలో ఇంటింటి సర్వే ఎలా చేయాలి, తాగి కొట్టుకునే ఇంటికి ఎలా వెళ్లాలి, కలెక్టరాఫీసులో అర్జీ ఎక్కడ కదులుతుంది, ఇవన్నీ అక్కడ ఫీల్డ్‌వర్క్‌లో నేర్పిస్తారు. పాస్టర్ చదువుకి ఆ తర్వాతైనా వెళ్లొచ్చు.

కాగితాల సంగతి రెండు ముక్కలు. ఇంట్లో ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవాళ్లకి ఆ హోదా వర్తించదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. పాస్టర్‌గా నిలబడ్డాక ఇది నీకే కాదు, మీ వాళ్లకీ తగులుతుంది. లాయర్ దగ్గర అరగంట కూర్చో. రెండోది, అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు నీ సొంత ఖాతాకి సంఘం పేరున డబ్బు పంపుతామంటే ఆగు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత డబ్బు పంపితే ఒక సంగతి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా కావాలి. సొసైటీగా రిజిస్టర్ కాని షెడ్డు సంఘానికి అవి ఎక్కడివి?

మన కోస్తాలోనే ఒంగోలు ఉంది. 1876-78 కరువులో అక్కడ క్లౌ దొర అనే అమెరికా మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆ దొరకి ముందే సర్వే పని వచ్చు. అందుకే కాలువ పని ఎత్తుకోగలిగాడు. నిన్ను ముందు పని నేర్చుకోమంటున్నదీ ఇందుకే.

మీ నాన్నతో కొట్లాడకు. బ్యాంకు ఉద్యోగాలకి పెట్టే ఐబీపీఎస్ క్లర్కు పరీక్షకి జనరల్ వయోపరిమితి 28. సేవకి అలాంటి గడువు లేదు. పౌలు డేరాలు కుట్టుకుంటూనే సేవ చేశాడని నీకు తెలుసు. ఆరు నెలలు కోచింగ్‌కి వెళ్తూ ఎంఎస్‌డబ్ల్యూ ప్రవేశ పరీక్షకి చదువుకో. ఆదివారం రెండు వర్గాల్లో ఎక్కడ కూర్చోవాలో తేల్చుకోలేకపోతే, ఊళ్లో ఇంకో పెద్ద సంఘానికి వెళ్లి వెనక బెంచీలో కూర్చో. నాన్నతో నేను ఒకసారి ఫోన్‌లో మాట్లాడతాను. ఆయన ఆటో ఆపుకుని మాట్లాడే వీలున్న టైము చెప్పమను, నేనే చేస్తాను.