ఎర్రబడిన కళ్లన్నీ కండ్లకలకేనా?

ప్రశ్న: కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంటే మా అన్నయ్య వాడి వదిలేసిన చుక్కల మందు వేసుకున్నాను. రెండు రోజులు హాయిగానే ఉంది, ఆ తర్వాత చూపు మసకబారింది, వెలుతురు చూడలేకపోయాను. డాక్టరు పరీక్ష చేసి ఇది వైరస్ పుండు, ఆ స్టెరాయిడ్ చుక్కలు వెంటనే ఆపేయండి అన్నారు. అన్నయ్యకూ కన్ను ఇలాగే ఎర్రబడింది, ఇదే మందు డాక్టరే రాశారు, తగ్గింది కూడా. నాకెందుకు వికటించింది?

జవాబు: ఎరుపు ఒకటే, జబ్బులే వేరు. మీ అన్నయ్యకు వచ్చింది బహుశా ఐరైటిస్ అయ్యుంటుంది, అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వాచిపోవడం. దానికి స్టెరాయిడే అసలు మందు, తోడుగా పాపను పెద్దది చేసే చుక్కలు ఇస్తారు. మీకు వచ్చింది హెర్పిస్ వైరస్ వల్ల నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అదే కార్నియా మీద పడ్డ పుండు. డాక్టరు మీ కంట్లో నారింజ రంగు మందు వేసి నీలి వెలుతురులో చూసి ఉంటారు, అప్పుడు ఈ పుండు ఆకుపచ్చగా మెరుస్తూ కొమ్మలు చీలినట్టు, ఒక్కో కొమ్మ చివర చిన్న బొడిపెతో కనిపిస్తుంది. అది చూశాక అనుమానం పెద్దగా ఉండదు.

స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది, దాంతోపాటు వైరస్‌తో పోరాడే శక్తినీ అణిచేస్తుంది, అందుకే మొదటి రెండు రోజులు మీకు హాయిగా అనిపించింది, లోపల మాత్రం కొమ్మలన్నీ కలిసిపోయి పుండు వెడల్పయింది. ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రాసి ఉంటారు, సాధారణంగా రోజుకు 5 సార్లు. కాస్త తగ్గిందని మధ్యలో మానేయకండి. ఈ వైరస్ నరంలో దాక్కుని మళ్లీ రావచ్చు కాబట్టి ఎప్పుడు కన్ను ఎర్రబడినా పాత సంగతి ముందే చెప్పండి. ఇంకో మాట, వాపు కార్నియా లోపలి పొరల్లోకి దిగితే వైరస్ మందుతో పాటు కొద్దిగా స్టెరాయిడ్ డాక్టరే ఇవ్వవచ్చు, అప్పుడు కంగారుపడి మానేయకండి.

పుసులు కట్టి, తుడిస్తే చూపు మామూలుగా ఉంటే చాలావరకు కండ్లకలకే. నొప్పి, మసక, వెలుతురు పడకపోవడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా అలా అనుకోవద్దు. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లయితే లెన్సు తీసేసి ఆ రోజే చూపించుకోవాలి.

ప్రశ్న: అమ్మకు ఒక సాయంత్రం విపరీతమైన తలనొప్పి, వాంతులు. గ్యాస్ అనుకున్నాం. ఒక కన్ను ఎర్రగా ఉంది, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయంది. కంటి ప్రెషర్ 54 ఉందని మందులిచ్చి లేజర్ చేశారు. ఇప్పుడు బాగున్న రెండో కంటికి కూడా లేజర్ అంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. మీ అనుమానం అర్థమైంది, బాగున్న కంటికి లేజర్ అంటే ఎవరైనా అడుగుతారు. కంట్లో ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. కంటి లోపల ఊరే నీరు రంగు పొరకూ కార్నియాకూ మధ్య ఉండే మూల నుంచి బయటికి పోతుంది, కొందరికి ఆ మూల పుట్టుకతోనే ఇరుకు, వయసుతో లోపలి లెన్సు మందమయ్యేకొద్దీ ఇంకా ఇరుకవుతుంది. చీకట్లో పాప పెద్దదైనప్పుడు దారి మూసుకుపోయి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. వాంతులు దానివల్లే, కడుపు తప్పేమీ లేదు. ఆ సమయంలో పాప మీద టార్చి వేస్తే అది ముడుచుకోదు, సగం తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, రెప్ప మీద నుంచి తాకితే కన్ను రాయిలా ఉంటుంది.

రెండు కళ్ల నిర్మాణం దాదాపు ఒకటే కాబట్టి రెండో కంటికీ ఇదే ముప్పు. లేజర్‌తో రంగు పొరకు సన్నటి రంధ్రం చేస్తారు, నీటికి ఇంకో దారి దొరుకుతుంది. చుక్కలు వేసి కూర్చోబెట్టి చేసేస్తారు, కొద్ది నిమిషాల పని. చేయించే లోపు జలుబు మాత్రలు, అలర్జీ మాత్రలు సొంతంగా మింగనివ్వకండి, వాటిలో కొన్ని పాపను పెద్దది చేస్తాయి.

ప్రశ్న: కళ్ల ముందు నల్లటి చుక్కలు ఎన్నాళ్లుగానో తేలుతున్నాయి. నొప్పి లేదు. టెన్షన్ పడాలా?

జవాబు: పాతవే, పెరగకుండా ఉంటే అక్కర్లేదు. హఠాత్తుగా కొత్తవి గుంపుగా వచ్చినా, పక్కన మెరుపుల్లా కనిపించినా, చూపులో ఒక పక్క తెర దిగినట్టున్నా మాత్రం రెటీనా, అంటే కంటి లోపల వెనక వైపు బొమ్మ పడే పొర, చిరిగిందేమో చూడాలి, అదీ ఆలస్యం చేయకుండా. చిరుగు దగ్గరే పట్టుకుంటే చాలాసార్లు లేజర్‌తో సరిపోతుంది, రెటీనా ఊడిపోతే ఆపరేషన్. పాప పెద్దది చేసి చూస్తారు, కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది కాబట్టి మీరు బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.