వాయిదాల మీద గోవా, పొదుపు మీద గోపాల్‌పూర్

ప్రశ్న: మేము ఒడిశాలోని రాయగడలో ఉంటున్నాము. నేను కర్మాగారంలో పనిచేస్తున్నాను. నెలకు చేతికి 41,000 రూపాయలు వస్తుంది, ఇంటి ఖర్చు 33,000 దాకా అవుతుంది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కాలేజీ కోసం నెలకు 5,000 వేరుగా కడుతున్నాము. ఆమె పేరున 1,20,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, పొదుపు ఖాతాలో 65,000 ఉన్నాయి. పెళ్లయిన పదహారేళ్లలో నా భార్య సముద్రాన్ని చూసింది ఒక్కసారే. విశాఖలో ఆస్పత్రి పని ముగించుకుని రైలు వేళకు ముందు ఒక గంటసేపు ఒడ్డున కూర్చుంది. ఈసారి నాలుగు రోజులు సముద్రం పక్కనే ఉండి విశ్రాంతి తీసుకుందామనుకుంటున్నాము. ఒక ట్రావెల్ ఏజెంటు ముగ్గురికీ విమానంతో సహా గోవా యాత్రకు 84,000 చెప్పారు. వడ్డీ లేకుండా నెలకు 7,000 చొప్పున పన్నెండు వాయిదాల్లో కట్టవచ్చట. ఒకేసారి కడితే 78,000 చాలంటున్నారు. 2,000 అడ్వాన్సు కూడా ఇచ్చాము. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దండి. అయితే యాత్ర మానుకోమని నేను చెప్పడం లేదు. పదహారేళ్ల సంసారంలో ఒక ఇల్లాలికి సముద్రం దగ్గర నాలుగు రోజులు తీరికగా గడపాలనే కోరిక ఉంటే అది దుబారా కాదు. కుటుంబ బడ్జెట్‌లో దానికి స్థానం ఉండి తీరాలి. మీ యాత్ర జరగాలి, అప్పు లేకుండా జరగాలి, విశ్రాంతి కోసం వెళ్లినందుకు విశ్రాంతి దొరకాలి. ఏజెంటు చూపించిన పద్ధతిలో ఈ మూడింటిలో మొదటిది ఒక్కటే నెరవేరుతుంది.

ముందుగా ‘వడ్డీ లేని’ వాయిదాల సంగతి చూద్దాం. ఒకేసారి కడితే 78,000, వాయిదాల్లో అయితే 84,000 అన్నప్పుడు మధ్యనున్న 6,000 రూపాయలే వడ్డీ. ఇటువంటి రుణాలకు సాధారణంగా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్‌టీ కూడా పడుతుంది. ఫీజు 1,500 అనుకుంటే పన్నుతో 1,770 అవుతుంది. అప్పుడు మీరు అదనంగా ఇచ్చేది మొత్తం 7,770 రూపాయలు. ఇది పది శాతమే కదా అనిపించవచ్చు. కానీ అసలు ప్రతి నెలా తగ్గుతూ పోతుంది కనుక, లెక్క కట్టి చూస్తే ఏడాదికి సుమారు 18 శాతం వడ్డీతో అప్పు చేసినట్టు తేలుతుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, అమ్మాయి కాలేజీకి కట్టే 5,000 పోగా మీ చేతిలో మిగిలేది నెలకు 3,000 మాత్రమే, వాయిదా మాత్రం 7,000. ఆ మిగతా 4,000 అమ్మాయి కాలేజీ డబ్బులో నుంచే వస్తుంది, లేదా వాయిదా తప్పుతుంది. వాయిదాలు తప్పితే మీ క్రెడిట్ స్కోరు తగ్గుతుంది, రేపు ఆమె చదువు కోసం బ్యాంకు రుణం అడిగినప్పుడు తల్లిదండ్రుల స్కోరును కూడా చూస్తారు.

పొదుపు ఖాతాలో 65,000 ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 99,000 రూపాయలు, ఆపదకు అందుబాటులో ఉండాలి. మీకు ఇంకా 34,000 తక్కువగానే ఉన్నాయి. ఆస్పత్రి అవసరానికి విశాఖ దాకా వెళ్లవలసిన ఊళ్లో ఉంటున్న కుటుంబం ఆ డబ్బును ముట్టుకోవడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి చెప్పనక్కరలేదు.

ఇక విశ్రాంతి మాట. రాయగడ నుంచి విశాఖ విమానాశ్రయానికి చేరడానికే నాలుగైదు గంటలు పడుతుంది. అక్కడి నుంచి సాధారణంగా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో విమానం మారాలి. గోవాలో దిగాక కోల్వా వైపు వెళ్లినా కలంగూట్ వైపు వెళ్లినా మళ్లీ టాక్సీ ఎక్కాలి. పోను ఒక పగలు, రాను ఒక పగలు ప్రయాణానికే పోతే నాలుగు రోజుల సెలవులో సముద్రానికి మిగిలేది రెండు రోజులు. 78,000 ఖర్చుపెట్టి రెండు రోజుల తీరిక కొనుక్కోవడం మీ ఆదాయానికి తగిన బేరం కాదు. హావ్‌డా వైపు నుంచి విజయనగరం, విశాఖ మీదుగా గోవాలోని వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఖర్చు బాగా తగ్గుతుంది. కాని ఒక్కో వైపు ఒక రోజుకు పైగా రైల్లోనే గడుస్తుంది కనుక వారం రోజుల సెలవు దొరికినప్పుడే అది పనికివస్తుంది.

అందుకే మొదటి యాత్రకు నేను ఒడిశా తీరంలోనే ఉన్న గోపాల్‌పూర్ సూచిస్తున్నాను. జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్లే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌ను రాత్రి రాయగడలో ఎక్కితే తెల్లవారే వేళకు బరంపురంలో దిగుతారు, అక్కడి నుంచి గోపాల్‌పూర్ 15 కిలోమీటర్ల చిల్లర. తిరుగు ప్రయాణం కూడా రాత్రి బండికే పెట్టుకుంటే మూడు రాత్రుల గది అద్దెతో నాలుగు పగళ్లు పూర్తిగా సముద్రం దగ్గర గడుస్తాయి. బర్మాకు ఓడలు నడిచిన పాత రేవు అది, ఇప్పుడు చిన్న, నెమ్మదైన ఊరు. చేపల వేటకు వెళ్లే నోలియాల (అక్కడి జాలరుల) ఇళ్లలో తెలుగే మాట్లాడతారు కనుక మీ శ్రీమతి గారికి ఎవరితోనైనా నాలుగు మాటలు కలపడానికి ఇబ్బంది ఉండదు. ఇది డబ్బు లెక్కలోకి రాని లాభమే అయినా, మొదటిసారి వెళ్లేవారికి చిన్నది కాదు.

ఖర్చు నా అంచనా ప్రకారం ఇలా ఉంటుంది, బుక్ చేసే రోజు ధరలతో మీరు సరిచూసుకోండి. ముగ్గురికీ రానూపోనూ థర్డ్ ఏసీ టికెట్లకు 4,000. రోజుకు 3,000 అద్దె గల గదికి మూడు రాత్రులకు 9,000, దాని మీద 5 శాతం జీఎస్‌టీతో 9,450. రోజుకు 7,500 రూపాయలు మించని గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను ఇంతే, గతంలోలాగా 12 శాతం వేస్తే ఒప్పుకోకండి. భోజనాలకు 6,000, ఆటోలకు 1,000, ఒక రోజు చిలకా సరస్సుకు కారు, పడవ కలిపి 4,500, చిన్న చిన్న కొనుగోళ్లకు 2,000. అనుకోని ఖర్చుకు మరో 3,000 వేసుకున్నా 30,000 దాటదు. చిలకాకు రంభ వైపు నుంచి వెళ్లండి. గోపాల్‌పూర్ నుంచి గంట ప్రయాణం, చలికాలంలో వలస పక్షులు కనిపిస్తాయి. అదొక్కటే చాలు. దగ్గరే కదా అని పూరీ, కోణార్క్, తప్తపాణి అన్నీ ఈ నాలుగు రోజుల్లోనే ఇరికించాలని చూస్తే కారు అద్దె రెట్టింపవుతుంది, మీ శ్రీమతి గారు కోరుకున్న తీరిక కాస్తా దారిలోనే పోతుంది. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే.

ఈ 30,000 ఎక్కడి నుంచి రావాలి? జూన్ నుంచి డిసెంబరు దాకా మీ మిగులు 3,000 రూపాయలను నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 21,000 అవుతుంది, మిగిలిన 9,000 దసరా బోనస్ నుంచి తీయండి. టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి కనుక నవంబరులో టికెట్లకూ గది అడ్వాన్సుకూ ఆ బోనస్ డబ్బే వాడుకోవచ్చు, డిపాజిట్‌ను మధ్యలో తెంచనక్కరలేదు.

ప్రయాణం సంక్రాంతి దాటాక, జనవరి రెండో సగంలో పెట్టుకోండి. దసరాకు సెలవు దొరకడం తేలికే కావచ్చు, కానీ అక్టోబరు మన తీరానికి తుపానుల నెల. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. డిసెంబరు చివర గదుల అద్దెలు పెరుగుతాయి, జనవరి ఆదివారాల్లో వనభోజనాలకు వచ్చేవారితో ఒడ్డు నిండిపోతుంది. కాబట్టి ఆదివారం రాత్రి బయలుదేరి సోమవారం నుంచి గురువారం దాకా ఉండేటట్టు చూసుకుంటే అద్దె మీద బేరమాడడానికి వీలుంటుంది, ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది.

తెల్లవారుజామున చేరతారు, హోటళ్లు మాత్రం గదిని సాధారణంగా మధ్యాహ్నానికి గాని ఇవ్వవు. చివరి రోజు కూడా మధ్యాహ్నం గది ఖాళీ చేసి రాత్రి బండి దాకా ఆగాలి. ఉదయమే గది ఇస్తారా, చివరి పూట సగం అద్దెకు ఉంచుతారా అని బుక్ చేసేటప్పుడే అడిగి, జవాబును సందేశంగా రాయించుకోండి. రాష్ట్ర పర్యాటక అభివృద్ధి సంస్థ వారి అతిథిగృహం పాంథనివాస్ కూడా అక్కడ ఉంది, దాని అద్దెతో పోల్చి చూడండి. హోటళ్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు నడుస్తుంటాయి కనుక, ఎవరిదో సొంత యూపీఐ నంబరుకు పూర్తి అద్దె ముందే పంపవద్దు. సముద్రంలో దిగేటప్పుడు ఒడ్డున ఉండే నోలియాను తోడు పెట్టుకోండి. అక్కడి అలలకు లాగే బలం ఎక్కువ. ఆ కూలి దగ్గర పొదుపు చేయకండి.

ఏజెంటుకు ఇచ్చిన 2,000 వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇస్తే మంచిది, ఇవ్వకపోతే ఆ రెండు వేలను కాపాడుకోవడానికి 78,000 ఖర్చులోకి దిగకండి.

గోవా మీద మనసుంటే ఉండనివ్వండి. జనవరి తరువాత కూడా అదే 3,000 కడుతూ పోతే మొదటి పన్నెండు నెలలకు ఆపద నిధిలో తక్కువైన 34,000 పూడుతుంది. ఆ తరువాతి రెండేళ్లలో వడ్డీ కాక 72,000 చేరుతుంది. అప్పటికి అమ్మాయి ఇంటర్ పరీక్షలు కూడా ముగుస్తాయి, వారం రోజుల సెలవు తీసుకుని రైల్లోనే వెళ్లిరావచ్చు.