జాన్ కార్పెంటర్ సినిమాల్లో ఏది ముందు చూడాలి?

జాన్ కార్పెంటర్ తీసిన హారర్ సినిమాల్లో గొప్పవి ఏవి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నా లెక్కలో మొదటిది ‘ది థింగ్’ (1982), తర్వాత ‘హాలోవీన్’ (1978), ఆ తర్వాత ‘ది ఫాగ్’ (1980). ఈ మూడోదాన్ని చాలామంది పెద్దగా పట్టించుకోరు. సముద్రం పక్కన పెరిగినవాణ్ణి, నేను మాత్రం దాన్ని వదులుకోలేను.

ఇవి నేను ఎక్కువగా చూసింది నెల్లూరు జిల్లా విడవలూరు వైపు మా మామయ్య రొయ్యల గుంటల దగ్గర, రాత్రి కాపలాకి వెళ్లినప్పుడు. షెడ్డులో నేను, మా బావ. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల మోత తెల్లవార్లూ ఉంటుంది. కరెంటు పోతే అది టక్కున ఆగిపోతుంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పంట పోయినట్టే కాబట్టి జనరేటర్ అందుకునేదాకా ప్రాణం గిజగిజలాడుతుంది. అలవాటైన చప్పుడు ఆగితే పుట్టే ఆ టెన్షన్‌ని కార్పెంటర్ బాగా పట్టుకున్నాడు. ఆయన సినిమాల్లో దెయ్యం వచ్చాక కన్నా, రాకముందు ఖాళీ వీధిని చూపించినప్పుడే ఎక్కువ భయం వేస్తుంది.

‘ది థింగ్’లో అంటార్కిటికా మంచులో 12 మంది ఉంటారు. ఎవరి రూపమైనా ఎత్తగల గ్రహాంతర జీవి ఒకటి వాళ్లలో కలిసిపోతుంది. పక్కనున్నవాడు మనిషో కాదో తెలియదు. ఎవరు మనిషో తేల్చే రక్త పరీక్ష సీన్ ఒక్కటి చాలు ఈ సినిమా గొప్పతనం చెప్పడానికి. హీరో కర్ట్ రస్సెల్ కాల్చిన తీగని ఒక్కొక్కరి రక్తంలో పెడుతుంటాడు. చుయ్‌మంటుంది, అంతే. రెండు మూడు సార్లు చూశాక మనకి కాస్త ధైర్యం వస్తుంది. సరిగ్గా అప్పుడే మాటల్లో పెట్టి మన చూపుని వేరేవాడి మీదికి మళ్లిస్తాడు దర్శకుడు. ఆ తర్వాత ఏమవుతుందో నేను చెప్పకూడదు. "ఏందిరా, తీగ కాల్చడం తప్ప ఇంకేం లేదా" అంటున్న మా బావ మంచం మీంచి లేచి నిలబడ్డాడు. రాబ్ బోటిన్ ఆ జీవి ఆకారాలని రబ్బరుతో, యంత్రాలతో చేశాడు. అందుకే ఇప్పటికీ అవి నిజంగా ఎదురుగా ఉన్నట్టే ఉంటాయి. ఇంత సినిమా విడుదలైనప్పుడు ఆడలేదు! రెండు వారాల ముందు ‘ఇ.టి.’ వచ్చింది, జనం మంచి గ్రహాంతరవాసి మీద ప్రేమలో ఉన్నారు.

‘హాలోవీన్’ సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన చిన్న సినిమా. హంతకుడి మాస్క్ కూడా ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కిర్క్ ముఖానిదే, తెల్లరంగు పూశారు. సంగీతం కార్పెంటరే చేసుకున్నాడు. ఐదు లెక్కల తాళం అది. చిన్నప్పుడు సంగీతం ప్రొఫెసరైన తండ్రి బాంగోల మీద నేర్పించిందే. మన ఖండగతి తెలిసినవాళ్లు ఆ పియానో విని వెంటనే వేళ్లతో లెక్క కడతారు. నాలుగు దగ్గర ఆగాల్సింది ఆగకుండా పోతుంటే మనసు స్థిమితపడదు.

ఇక ‘ది ఫాగ్’. వందేళ్ల కిందట ఒడ్డున దారి తప్పించే దొంగమంట వేసి ఓడని ముంచేసిన ఊరి మీదికి, ఆ చనిపోయినవాళ్లు పొగమంచులో తిరిగొస్తారు. లైట్‌హౌస్‌లో రేడియో నడిపే ఆమెకి మంచు ఏ వీధిలోకి వెళ్తోందో పైనుంచి కనిపిస్తుంటుంది. అది తన ఇంటివైపే మళ్లుతుంది. ఇంట్లో చిన్న కొడుకు. తను కదలలేదు, చేతిలో మైకు మాత్రమే ఉంది. ఎవరైనా వెళ్లి నా బిడ్డని కాపాడండి అని రేడియోలోనే బతిమాలుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు, రేడియో దగ్గర చెవులు పెట్టుకుని కూర్చున్నామని. అందుకే నాకు ఆ సీన్ అంత దగ్గరగా అనిపిస్తుంది. కథలో లోపాలున్నాయి, కాదనను. అయినా ఆ సీన్ కోసం మళ్లీ మళ్లీ చూస్తాను.

ఈ మూడూ నచ్చితే ‘ఇన్ ద మౌత్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ (1994) చూడండి. ‘దే లివ్’ (1988) మంచి సినిమానే కానీ హారర్ అనుకుని కూర్చోకండి. ‘హాలోవీన్’ పేరుతో చాలా భాగాలొచ్చాయి, వాటిలో ఆయన దర్శకత్వం వహించింది మొదటిది ఒక్కటే. 2018లో వచ్చినదానికి కొడుకుతో కలిసి సంగీతం ఇచ్చాడు, ఆ సంగీతం కోసం దాన్ని చూడొచ్చు. ఏది చూసినా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ఫోన్ స్పీకర్‌లో సగం సినిమా పోతుంది.