మెరూన్ కోటా, నేవీ బ్లూ కోటా: షో బట్టల డబ్బు ఎక్కడ పెట్టాలి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నా. రెండేళ్లుగా ఇంగ్లిష్ రైడింగ్ అనే గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నా, ఈ సీజన్‌లోనే మొదటిసారి షోలకి, అంటే స్వారీ పోటీలకి వెళ్తున్నా. ఎక్కువ హంటర్ క్లాసులు, మధ్యలో చిన్న ఎత్తు జంపర్లు, ఒకటి రెండు డ్రెస్సేజ్ (గుర్రం చేత నేర్పిన కదలికలు చేయించే పోటీ) టెస్టులు. గుర్రం నాది కాదు, హాఫ్ లీజు, అంటే వేరేవాళ్ల గుర్రాన్ని కొంత ఖర్చు భరించి వాడుకుంటున్నా. నాకేమో కాలర్‌కి మెరిసే పైపింగ్ ఉన్న మెరూన్ కోటు బాగా నచ్చింది, మా కోచ్ మాత్రం నేవీ బ్లూ తీసుకోమంటున్నారు. మెరూన్‌ది ఖరీదు ఎక్కువే. కార్డు మీద వాయిదాల్లో కొనేయాలా, లేక ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీసి తర్వాత మళ్లీ నింపేయాలా?

జవాబు: రెండూ వద్దండి. మొదటి కోటు నేవీ బ్లూనే తీసుకోండి, అది కూడా చేతిలో ఉన్న డబ్బుతో. మెరూన్ కోటు మీద ఆశ వదులుకోమనట్లేదు, దానికి ఒక టైమ్ ఉంది, అది ఎప్పుడో కూడా చెప్తాను. నేను చాలా ఏళ్లు రైడింగ్ చేశాను, మా అమ్మాయి ఇప్పటికీ జంపర్లు చేస్తోంది, కాబట్టి ఆ మెరూన్ కోటు చూసినప్పుడల్లా మీకు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ముందు ఏ రింగులో దేనికి మార్కులేస్తారో చూడాలి, ఎందుకంటే మీ డబ్బుకి ఫలితం వచ్చేది అక్కడే. జంపర్లలో లెక్కంతా గుర్రం దూకాల్సిన అడ్డుకడ్డీలది, గడియారానిది. కడ్డీ పడితే 4 ఫాల్ట్స్ (తప్పు పాయింట్లు), టైమ్ దాటితే టైమ్ ఫాల్ట్స్, కోటు ఏ రంగుదైనా ఆ లెక్క మారదు. అందుకే రంగులు ముందుగా ఆ రింగులోకే వచ్చాయి. హంటర్లు అలా కాదు. ఆ క్లాసులు పుట్టిందే వేట మైదానంలోంచి, గుర్రం ఎంత సాఫీగా, ఎంత ఒద్దికగా, ఒకే లయలో దూకుతోందో జడ్జి తన కంటితో చూసి పోల్చుకుంటూ మార్కులేస్తారు. కోటుకి విడిగా మార్కు ఉండదు, నిజమే, కానీ జడ్జి కన్ను గుర్రం మీద నుంచి మీ కాలర్ మీదకి జారిందంటే ఆ నష్టం మీదే. నేవీ, నలుపు, ముదురు బూడిద, ముదురు ఆకుపచ్చ కోట్లు, వాటి కింద లేత గోధుమ రంగు బ్రీచెస్ (స్వారీ ప్యాంట్లు), ఇన్నేళ్లుగా అక్కడ ఇవే నిలబడ్డాయంటే కారణం అదే. ఈక్విటేషన్ క్లాసులకి వెళ్లారంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అక్కడ చూసేది రైడర్‌నే. మీవి ఎక్కువ హంటర్ క్లాసులే అన్నారు కాబట్టి మీ కోచ్ చెప్పింది ఆయన అభిరుచి కాదు, మీ ఎంట్రీ ఫీజుకి రక్షణ.

డ్రెస్సేజ్ సంగతి ఇంకొంచెం ఆసక్తిగా ఉంటుంది. ఒకప్పుడు అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ నిబంధనల్లో కోటు ముదురు రంగు అనడానికి కూడా కొలత ఉండేది, రంగుల్ని కొలిచే హెచ్‌ఎస్‌వీ స్కేల్ మీద వాల్యూ (రంగు ఎంత వెలుతురుగా ఉందన్న అంకె) 32 శాతం లోపు ఉండాలని. తర్వాత రంగుల విషయంలో చాలా సడలించారు, ఇప్పుడు రకరకాల కోట్లు కనిపిస్తున్నాయి, గుర్రం తలపట్టీల మీద తళుకు రాళ్లు కూడా మామూలైపోయాయి. అయినా కొత్తవాళ్లకి ట్రైనర్లు చెప్పే మాట ఒకటుంది, తెల్ల గ్లోవ్స్ వేస్తే చేతులు ఎంత కదులుతున్నాయో జడ్జికి స్పష్టంగా కనిపిస్తుంది, ముదురు గ్లోవ్స్ అయితే అంత కనిపించదు అని. కోటు అంచున మెరిసే పైపింగ్ కూడా అంతే, భుజాలు నిలకడగా ఉన్నవాళ్లకి అందం, ఇంకా కుదురుకోని వాళ్లకి ప్రతి కుదుపూ గీత గీసి చూపించినట్టు. మొదటి సీజన్‌లో ఎవరికైనా కుదుపు ఉంటుంది, అందులో తప్పేం లేదు, దాన్ని చూపించడానికి అదనంగా డబ్బు కట్టకండి అంటున్నా అంతే.

ఇప్పుడు అసలు లెక్క. షాపులో చీటీ మీద ఉన్నది కోటు ఖరీదు కాదండి, కొన్న ధరలోంచి తిరిగి అమ్మితే వచ్చేది తీసేసి, మిగిలినదాన్ని ఎన్నిసార్లు వేసుకున్నారో దాంతో భాగిస్తే వచ్చేదే అసలు ఖరీదు. ఉదాహరణకి, ఇవి నేను ఊరికే అనుకున్న అంకెలు, మీ అంకెలు మీరు వేసుకోండి, నేవీ కోటు 100 అనుకుందాం, మూడేళ్ల తర్వాత 50కి అమ్ముడుపోయింది, ఏడాదికి 8 షోల చొప్పున 24 సార్లు వేశారు. షోకి సుమారు 2 పడింది. మెరూన్ కోటు 130, అమ్మితే 30, జంపర్లకే వేయగలరు కాబట్టి మూడేళ్లలో 12 సార్లు. షోకి 8 దాటింది. అంటే చీటీ మీద తేడా 30 శాతమే కనిపించినా వాడకంలో అది నాలుగు రెట్లు అయింది. అమ్మకం ధరలో అంత తేడా ఎందుకంటే, పాత కోటు కొనేవాళ్లలో ఎక్కువమంది మీలాగే మొదటి కోటు వెతుక్కునేవాళ్లు, వాళ్లకి ఏ రింగులో అయినా చెల్లే రంగు కావాలి. మెరూన్ పైపింగ్ కోటుకి సరిగ్గా మీ సైజు, మీ టేస్టు ఉన్న మనిషే దొరకాలి.

అదే లెక్కలో ఇంకోటి కూడా చూడండి, కోటు బట్ట మెషీన్‌లో ఉతికే రకమా, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాల్సిన ఉన్నిదా? ప్రతి షో తర్వాత చెమట, దుమ్ము, గుర్రం జొల్లు, అన్నీ ఉంటాయి. డ్రై క్లీనింగ్ ఖర్చు మూడేళ్లకి కూడితే చిన్నదేం కాదు. ఫిట్టింగ్ చూసేటప్పుడు భుజాల దగ్గర సరిపోవాలి, చేతుల పొడవు, నడుము దర్జీ సులువుగా సరిచేస్తాడు, భుజాలు మార్చి కుట్టడం మాత్రం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ.

నేనైతే డబ్బు పెట్టే వరుసలో కోటుని మూడోదిగా పెడతా. మొదటిది హెల్మెట్. ఇందులో బేరం లేదు, సెకండ్ హ్యాండ్ అసలే వద్దు, ఎందుకంటే లోపల దెబ్బ తగిలిందో లేదో పైకి కనబడదు. ఏఎస్‌టీఎమ్ ఎఫ్1163 లాంటి భద్రతా ప్రమాణం ముద్ర ఉండాలి, మీరు వెళ్లే షో ఏ ప్రమాణాలు ఒప్పుకుంటుందో ముందే చూసుకోవాలి. గట్టిగా పడితే మార్చేయాలి, పడకపోయినా సుమారు 5 ఏళ్లకి మార్చమంటారు తయారీదార్లు, కాబట్టి దాని ధరని 60 నెలలకి భాగించి నెలనెలా పక్కన పెట్టండి. సంప్రదాయం అంటే కదలనిదని అనుకుంటాం కదా, డ్రెస్సేజ్‌లో టాప్ హ్యాట్ కంటే సంప్రదాయం ఏముంది? 2010లో అమెరికా ఒలింపిక్ రైడర్ కోర్ట్నీ కింగ్ డై హెల్మెట్ లేకుండా స్వారీ చేస్తుండగా గుర్రంతో పాటు పడిపోయి తలకి తీవ్రమైన గాయమై కోమాలోకి వెళ్లారు, ఆ తర్వాత హెల్మెట్ గురించి చర్చ మారిపోయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ రైడర్ షార్లెట్ డుజార్డిన్ వలెగ్రో అనే గుర్రం మీద హెల్మెట్ పెట్టుకునే బంగారు పతకం గెలిచారు. 2021 నుంచి ఎఫ్‌ఈఐ డ్రెస్సేజ్‌లో హెల్మెట్ తప్పనిసరి, టాప్ హ్యాట్ పోయింది. ఖరీదైన టాప్ హ్యాట్లు కొన్నవాళ్ల డబ్బు అలమారాలో ఉండిపోయింది.

రెండోది బూట్లు. హంటర్లకి, జంపర్లకి చీలమండ దగ్గర లేసులుండే ఫీల్డ్ బూట్లు, డ్రెస్సేజ్‌కి లేసుల్లేని డ్రెస్ బూట్లు అని రెండు రకాలుంటాయి. మీకు డ్రెస్సేజ్ ఏడాదికి ఒకటి రెండు టెస్టులే కదా, చిన్న స్థాయి షోలలో నల్ల ఫీల్డ్ బూట్లతోనే నడిచిపోతుంది, రూల్ పుస్తకం ఒకసారి చూసుకుని ఒక్క జతతో సరిపెట్టండి. మంచి తోలు బూట్లు సెకండ్ హ్యాండ్‌లో నిశ్చింతగా కొనొచ్చు, పిక్క కొలత కుదిరితే చాలు, అడుగు అరిగితే వేయించుకోవచ్చు. కోటు కూడా సెకండ్ హ్యాండ్‌లో చూడండి, అందరూ నేవీనే కొంటారు కాబట్టి దొరికేది కూడా అదే.

కార్డు వాయిదాల మాటకొస్తే, వడ్డీ లేదన్నా సరే వద్దు. బట్టల ధర పడిపోతుంటే వాయిదా అలాగే ఉంటుంది, మధ్యలో మీరు షోలు మానేసినా కడుతూనే ఉండాలి. ఎమర్జెన్సీ ఫండ్ సంగతి ఇంకా ముఖ్యం, ఇక్కడ మాత్రం కాస్త గట్టిగానే చెప్తున్నా. మీ హాఫ్ లీజు ఒప్పందం తీసి చదవండి, గుర్రానికి కోలిక్ (తీవ్రమైన కడుపునొప్పి) వచ్చి రాత్రికి రాత్రి ఆపరేషన్ అంటే వాటా ఎవరిది, కుంటుపడి మూడు నెలలు నిలబెట్టేస్తే లీజు డబ్బు ఆగుతుందా లేదా, 6 నుంచి 8 వారాలకోసారి నాడాల ఖర్చులో మీ భాగం ఎంత? వీటికి జవాబులు కాగితం మీద లేకపోతే ఆ ఫండ్‌లోంచి రూపాయి కూడా తీయకూడదు. షో ఖర్చుకి వేరే ఖాతా తెరవండి. ఏడాది ఎంట్రీ ఫీజులు, కోచ్ ఫీజు, గుర్రం రవాణా, బట్టలు అన్నీ కూడి 12తో భాగించి జీతం రోజునే అందులోకి పంపేయండి, అందులో ఉన్నంతవరకే షోలు.

రంగు మీద మనసు పోతే చిన్న వాటిలో తీర్చుకోండి. మెడకి కట్టే స్టాక్ టైకి పెట్టే పిన్ను, జంపర్లకి షర్టు కాలర్, జంపర్లకే వాడే సాడిల్ ప్యాడ్ (జీను కింద వేసే గుడ్డ), ఇంట్లో ప్రాక్టీస్‌కి వేసుకునే పోలో షర్టులు, ఇవి నచ్చకపోయినా నష్టం చిన్నదే. ఎప్పుడైనా ఈవెంటింగ్ (డ్రెస్సేజ్, క్రాస్ కంట్రీ, జంపింగ్ మూడూ కలిసిన పోటీ) వైపు వెళ్తే, ఆరుబయట అడ్డంకులు దూకే క్రాస్ కంట్రీలో ఎవరి రంగులు వాళ్లవి, అక్కడ ముదురు మెరూన్ మొత్తం వేసుకున్నా అభ్యంతరం ఉండదు. పూర్తి ఎరుపు కోటు మాత్రం కొనకండి, జంపింగ్‌లో చాలా దేశాల జట్లు ఎరుపు వేసుకుంటాయి, ఆ రంగుకి వేరే అర్థం ఉంది.

ఇక మీ మెరూన్ కోటు. ఈ సీజన్ మొత్తం ఒక నోట్‌బుక్‌లో ఏ షోకి ఏ క్లాసులు చేశారో రాసుకోండి. సీజన్ అయ్యాక చూసుకుంటే జంపర్లు సగానికి మించి ఉండి, షో ఖాతాలో వచ్చే మూడు నెలల ఎంట్రీ ఫీజులు పోను డబ్బు మిగిలి, హెల్మెట్ పద్దు కూడా సరిగ్గా ఉంటే అప్పుడు నిరభ్యంతరంగా కొనుక్కోండి, సీజన్ చివర్లో పాత స్టాక్ తగ్గింపులో పెట్టినప్పుడు. నేవీ అమ్మేయకండి, హంటర్లకి అదే ఉంటుంది. లీజు ఒప్పందంలో వైద్యం ఖర్చు గురించి ఏం రాసి ఉందో చూసి మళ్లీ రాయండి, ఎమర్జెన్సీ ఫండ్ ఎంత ఉండాలో అప్పుడు సరిగ్గా లెక్కేద్దాం.