నగకు పనికిరాని వజ్రం ఫ్యాక్టరీలో ఏం చేస్తుంది?

జొన్నగిరి పొలాల్లో మీ తాతగారికి దొరికిన మసక రాయిని చూసి, నగల వ్యాపారి "ఇది ఫ్యాక్టరీ సరుకు" అన్నాడని, అంటే పారేయాల్సిందేనా అని అడిగారు. వజ్రమే అయితే పారేయకండి. బెంగళూరు పీణ్యలో గ్రైండింగ్ పనిలో తొమ్మిదేళ్లున్నాను. అలాంటి రాళ్లను అరగదీయడమే నా ఉద్యోగం.

చేరిన వారంలోనే మా మేస్త్రి, హిందూపురం ఆయన, వేలెడంత ఉక్కు కడ్డీ చేతిలో పెట్టి "జాగ్రత్త బాబూ, ఇందులో వజ్రముంది" అన్నారు. కొసన అతుకులో కల్లుప్పు పలుకులాంటి బూడిదరంగు గింజ. ఆటపట్టిస్తున్నారనుకున్నాను. దాన్ని డ్రెస్సర్ అంటారు. ఉక్కును అరగదీసే చక్రాన్ని గ్రైండింగ్ రాయి అంటాం. దాని రంధ్రాల్లో లోహపు పొడి ఇరుక్కుంటే అది కోయడం మాని ఉక్కును మాడ్చేస్తుంది. తిరుగుతున్న రాయి మీద ఈ వజ్రాన్ని 0.02 మిల్లీమీటర్ల లోతున నడిపితే పైపొర రాలి మళ్లీ పదునెక్కుతుంది. కడ్డీని కాస్త వాల్చి బిగించాలి, అప్పుడప్పుడు తిప్పుతుండాలి. లేకపోతే వజ్రం ఒకవైపే అరిగి మొద్దుబారుతుంది.

ఒకరోజు కూలెంట్, అంటే చల్లబరిచే నీళ్ల కుళాయి, తిప్పడం మరిచి, సగం పనిలో గుర్తొచ్చి తిప్పాను. కాలుతున్న వజ్రం మీద చన్నీళ్లు పడగానే చిట్లింది. మేస్త్రి తిట్టలేదు. భూతద్దం ఇచ్చి, పగులు ఎంత నున్నగా ఉందో చూడమన్నారు. గీతకు లొంగని రాయి దెబ్బకు లొంగుతుందని అప్పుడే తెలిసింది.

ఇంకో విచిత్రం ఉంది. వజ్రపు చక్రంతో కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థపు పనిముట్లను సానపడతాం కానీ ఉక్కు జోలికి పోము. వేడెక్కిన ఇనుము వజ్రంలోని కార్బన్‌ను తినేస్తుంది. గట్టిపరచిన ఉక్కుకైతే క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ అనే, కార్బన్ లేని మరో గట్టి పదార్థం వాడతాం.

ఇక ధర మీద ఆశ పెట్టుకోకండి. 1954లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు వజ్రాన్ని తయారుచేశారు. ఇప్పుడు పరిశ్రమల్లో వాడే వజ్రంలో దాదాపు అంతా అలా తయారైనదే. చీమకుర్తిలో గ్రానైట్ కోసే తీగ పూసల్లో ఉన్నదీ ఆ పొడే. మాలాంటి షాపులు విడి రాయిని కొనవు, బిగించిన డ్రెస్సర్లనే కొంటాయి. రత్నాలను పరీక్షించే ల్యాబులో ముందు అది వజ్రమో కాదో తేల్చుకోండి. ఈలోగా ఎవరైనా సుత్తితో కొట్టి చూద్దామంటే మాత్రం ఒప్పుకోకండి.